ఇల్లినాయ్ పల్లపు చేలో గోంగూర కోత

గోంగూర కోసం విమానమెక్కిన మనిషినని మా ఆఫీసులో నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తున్నారు. పట్టించనివ్వండి. పన్నెండడుగుల గోంగూర కింద నిలబడి తలెత్తి చూసిన అదృష్టం వాళ్లలో ఒక్కరికీ లేదు.

మాది తూర్పు తీరంలో ప్లెయిన్స్‌బరో. నేనొక మందుల కంపెనీలో పనిచేస్తాను. మా దగ్గర గోంగూరకున్న గిరాకీ చెప్తే మీరు నమ్మరు. ఇండియన్ స్టోర్‌లో చిన్న కట్ట నాలుగు డాలర్లు, అదీ సరుకు దిగిన సాయంత్రమే వెళ్తేనే. మర్నాడు వెళ్తే వడిలిన కాడలు తప్ప ఏమీ మిగలవు. అలాంటి రోజుల్లో షికాగో పక్కనున్న అరోరా నుంచి సుశీల ఫోన్ చేసింది. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు మేమిద్దరం ఒకే హాస్టల్ గదిలో ఉండేవాళ్లం.

“విమలా, మా చర్చిలో కోత పండుగకి ఈసారైనా రావే. ఎన్నేళ్ల నుంచి పిలుస్తున్నా!”

“చూద్దాంలే.”

“మా కీర్తన పంట కోత కూడా ఈ వారమే. గోంగూర వేసింది. ఎకరం.”

ముందు టికెట్ బుక్ చేసి, తర్వాత సెలవడిగాను. మామూలుగా ఈ రెండూ తారుమారుగా జరగాలి.

అరోరా: ధర చీటీతో గుమ్మడికాయలు

నవంబరు మొదట్లో షికాగో వైపు వెళ్లేవాళ్లు మందపాటి కోటు పట్టుకెళ్తారు. నేనూ పట్టుకెళ్లాను, అది సూట్‌కేసులో సగం చోటు తినేసి చివరిదాకా మడత విప్పకుండా ఉండిపోయింది. ఎండ హాయిగా కాస్తోంది. జనం చొక్కా చేతులు మడిచి కుక్కల్ని తిప్పుతున్నారు. నాకు సంతోషమేసింది. ఆ ఎండే ఒక కుటుంబానికి గండమై కూర్చుందని అప్పటికి తెలియదు.

సుశీల గరాజ్‌లో కారుకి చోటు లేదు. ఎటు చూసినా గుమ్మడికాయలు, అనాసపళ్లు, సొరకాయలు. ఒక్కోదానికీ సూపర్ మార్కెట్ ధర చీటీ అంటుకునే ఉంది. మా కోస్తా చర్చిల సంగతి తెలియనివాళ్లకి ఇక్కడ కొంచెం చెప్పాలి. పంట చేతికొచ్చే కాలంలో మేం కోత పండుగ చేసుకుంటాం. తొలి పంటలో కొంత దేవుడికని తెస్తారు. ధాన్యం, కూరగాయలు, కోళ్లు, ఇంటి ఆవు పాలు, ఏముంటే అది. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. అసలు సందడి అక్కడే. ములక్కాడల కట్టని ధరకి పది రెట్లు పెట్టి ఒకాయన పాడుకుంటాడు, తీసుకోకుండా తిరిగి ఇచ్చేస్తాడు, దాన్నే మళ్లీ వేలం వేస్తారు. ఏ వస్తువునీ తక్కువకి పోనివ్వకపోవడం అక్కడ పరువు సమస్య. పక్కవాడు పాడితే మనం పాడకుండా ఊరుకోవడమంటూ ఉండదు.

“పొలాలు లేని ఊళ్లో కోత పండుగేంటే? ఇది కొనుగోలు పండుగ,” అన్నాను.

“నీ నోరు పడిపోను! నేను స్త్రీల సమాజానికి ప్రెసిడెంట్‌ని. వేలం పాట నాదే. నీ చేతే ఎక్కువ పాడిస్తా చూడు,” అంది సుశీల.

సుశీల కూతురు కీర్తన అప్పుడే లోపలికొచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, వ్యవసాయం చదివింది. మంచి ఉద్యోగం మానేసి, ప్లాస్టిక్‌కి బదులు మొక్కల పీచుతో నర్సరీ కుండీలు, చాపలు చేయించే చిన్న వ్యాపారం పెట్టుకుంది. అందుకే గోగు వేసింది. మనం ఆకు తింటాం, ఆమెకి కావాల్సింది కాండం మీది నార.

“ఆంటీ, నువ్వు నాతో ఫార్మ్‌కి వస్తావా? మామ్ రాదు, తనకి పంప్‌కిన్స్ ఉన్నాయి,” అంది. ఆ ‘నువ్వు’లో ఎంత మర్యాద ఉందో వింటేనే తెలుస్తుంది.

దక్షిణానికి: కోసేసిన చేల మధ్య

పొద్దున ఉప్మా తిని బయల్దేరితే చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అంత పొడుగూ ఇల్లినాయ్ రాష్ట్రమే. రోడ్డుకి రెండు వైపులా మొక్కజొన్న కోసేసిన చేలు. గుంటూరు నుంచి బాపట్ల వెళ్తుంటే పదడుగులకో మనిషి కనిపిస్తాడు. ఇక్కడ గంటసేపు చూసినా పొలంలో నరపురుగు లేదు, పెద్ద పెద్ద ఇనప గాదెలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఎఫింగ్‌హామ్ దగ్గర రోడ్డు పక్కన ఆకాశాన్నంటే తెల్ల సిలువ కనిపించింది. అక్కడ ఆగి, కారు బానెట్ మీద పులిహోర డబ్బా పెట్టుకుని తిన్నాం.

తింటూనే కీర్తన సంగతంతా చెప్పింది. పొలం ఆమెది కాదు. డేల్ అనే రైతుది. నది పక్కన నలభై ఎకరాల పల్లపు భూమి, ఆయన తాత కొన్నది.

“ముందు అక్కడ కార్న్ వేసేవాళ్లు ఆంటీ. ఇప్పుడు స్ప్రింగ్‌లో రెయిన్స్ చాలా హెవీ. సీడ్ వేస్తే మునిగిపోతది. మళ్లీ వేస్తే మళ్లీ మునిగిపోతది. గోగు అయితే లేట్‌గా, జూన్‌లో వేసినా పెరుగుతది. కొంచెం వాటర్ నిలబడినా చావదు.”

“మరింకేం? మంచిదేగా.”

“డేల్ అంకుల్‌కి నమ్మకం లేదు. ఎకరం ఇచ్చాడు, ట్రయల్. నార క్లీన్‌గా వచ్చి, నా పాట్స్ చేసే మిల్లు వాళ్లు తీసుకుంటే, మొత్తం ఫార్టీ ఎకర్స్ వేస్తా అన్నాడు. లేకపోతే ల్యాండ్ అమ్మేస్తాడు. డక్ హంటింగ్ క్లబ్ వాళ్లు అడుగుతున్నారు. నాకు ఇంక వేరే ల్యాండ్ ఎవరూ ఇవ్వరు.”

బాతుల్ని కాల్చుకునేవాళ్లకి తాత పొలం! నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత దారంతా గోంగూర పచ్చడి గురించి ఆలోచించడం మానేశానని చెప్పను గానీ, మునుపటంత ఆలోచించలేదు.

పల్లపు చేను

గోగు మా నాన్న కూడా వేసేవాడు. మిరప చేను గట్ల వెంబడి రెండు వరసలు, అంతే. లేత ఆకు ఇంట్లోకి, ముదిరాక కట్టలు కట్టి కాలవలో నానేస్తే పశువులకి పలుపు తాళ్లు. ఆ నానిన కట్టల కంపుకి మేం ముక్కు మూసుకుని బడికి పరిగెత్తేవాళ్లం. కాబట్టి గోగంటే నాకు కొత్తేమీ కాదనుకున్నాను. డేల్ చేను ముందు కారు దిగగానే నా గొప్ప అణిగింది. గోడ కట్టినట్టు నిలబడి ఉంది పైరు. నేను చెయ్యెత్తినా పై ఆకు అందలేదు. లేత పసుపు పువ్వులు ఎక్కడో పైన ఊగుతున్నాయి. నోరు తెరిచి అలాగే ఉండిపోయాను.

డేల్ అరవై దాటిన మనిషి, పొడగరి, మాట పొదుపు. “చట్నీ అమ్మ వచ్చిందన్నమాట,” అన్నాడు ఇంగ్లీషులో. కీర్తన నా గురించి ఏం చెప్పి పెట్టిందో అర్థమైంది.

చేను పక్కన ట్రాలీ మీద నార ఒలిచే యంత్రం ఉంది. కాండాన్ని రోలర్ల మధ్య నలిపి, నారని ఒక వైపు, లోపలి బెండుని మరో వైపు పడేస్తుంది. నార మిల్లుకి, బెండు కోళ్ల షెడ్లలో పరవడానికి, వేళ్లు నేలలోనే ఉండి మట్టి బలానికి. పారేసేది ఏమీ లేదని కీర్తన చెప్తుంటే ముచ్చటేసింది. మన వైపు పత్తి కట్టె, మిరప కట్టె చేలోనే తగలబెట్టి ఊరంతా పొగ చేసుకుంటామే, అది గుర్తొచ్చింది.

ఆ యంత్రం అద్దెది. సోమవారం వెళ్లిపోతుంది. ఆదివారం రాత్రి నుంచి వారమంతా వాన అంటున్నారు. పల్లంలో ఒకసారి నీళ్లు నిలిస్తే ట్రాక్టరు దిగదు.

డేల్ ఒక వరస కోసి, పనలు యంత్రంలో పెట్టాడు. కాసేపు బాగానే తిరిగింది. తర్వాత మూలుగుతూ ఆగిపోయింది. రోలర్ల నిండా ఆకు ముద్ద. అవతల పడిన నార పచ్చగా, జిడ్డుగా, రుబ్బురోలు కడిగిన పీచులా ఉంది. ఊడదీసి శుభ్రం చేసి మళ్లీ పెట్టారు. మళ్లీ అదే.

“ఏటా ఈపాటికి మంచు పడేది. ఒక్క రాత్రి గట్టిగా మంచు పడితే ఆకంతా తనే రాలిపోతుంది, కట్టె ఎండుతుంది. మా తాత అక్టోబరులోనే స్వెట్టరు వేసుకునేవాడు,” అన్నాడు డేల్. చేతులు తుడుచుకుని ఆకాశం వంక చూశాడు. “తప్పు నీది కాదమ్మాయ్. సోమవారం ఆ బాతుల వేట క్లబ్బు వాళ్లకి ఫోన్ చేస్తాను.”

 కీర్తన ఆ జిడ్డు నారని మడిచి జేబులో పెట్టుకుంది. ఆ పిల్ల ఏడ్చి ఉంటే నేను ఓదార్చగలిగేదాన్ని. ఏడవలేదు, అదే నన్ను నిలవనివ్వలేదు.

లిండా వంటింట్లో

డేల్ భార్య లిండా మా ఇద్దరికీ పై గది ఇచ్చింది. సాయంత్రం వంటింట్లోకి వెళ్లి, పాడైన పనల నుంచి తెచ్చిన ఆకు చూపించి, పచ్చడి చేస్తానన్నాను. ఎండుమిరపకాయలు నా సూట్‌కేసులో ఉన్నాయి. ఎల్లిపాయలు కావాలని డేల్ పికప్‌లో టౌనుకి వెళ్లాను. పెట్రోలు బంకులో ఆగినప్పుడు పక్క కారు కుర్రవాడు నా వెనక సీట్లో, చేలోంచి తెచ్చి ఇంకా దించని గోగు కొమ్మలు చూశాడు. చేతి వేళ్లలా చీలిన ఆకు. వాడి కళ్లు మెరిశాయి.

“అమ్మా, ఇదంతా నీదేనా? కొంచెం అమ్ముతావా?”

గంజాయి అనుకున్నాడని నాకు అర్థమయ్యేలోపు, ‘ఇది వేయించి నూరుకుంటే చాలా బాగుంటుంది’ అని చెప్పేశాను. వాడు నా వంక చూసిన చూపులో ఉన్న భక్తి మా పాస్టర్ గారికి కూడా దక్కి ఉండదు.

పచ్చడి నూరేసరికి ఇల్లంతా ఘాటు. అన్నం లేదు. వాళ్ల మెత్తటి బిస్కెట్ రొట్టె విరిచి, వెన్న రాసి, పైన పచ్చడి పెట్టి ఇచ్చాను. లిండా కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు తుడుచుకుని ఇంకోటి అడిగింది. బదులుగా ఆమె పెట్టిన అడవి తునికిపండు పుడ్డింగ్ తాటి తాండ్రకి దగ్గర చుట్టంలా ఉంది, రెండు గిన్నెలు తిన్నాను.

“ఈ ఆకు కోసం మీ వాళ్లు డబ్బులిస్తారా?” అంది లిండా.

“డబ్బులేంటి, తన్నుకుంటారు,” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నేనే ఆగిపోయాను. ఆకే కదా అడ్డం. ఆకు కోసం తన్నుకునేవాళ్లు అరోరాలో వందల మంది ఉన్నారు. కీర్తననీ డేల్‌నీ ఒప్పించి, వెంటనే సుశీలకి ఫోన్ చేశాను.

“నీ గుమ్మడికాయలు పక్కన పెట్టు. శనివారం చర్చినంతా ఇక్కడికి తీసుకురా. యంత్రంలో పెట్టే ముందు చేత్తో ఆకు తీయాలి. తీసినంత ఆకు మనదే. ఆదివారం నిజంగా పంట పట్టుకుని పండుగకి వెళ్దాం.”

“అంత దూరం ఎవరొస్తారే? పిచ్చా నీకు?”

“గోంగూర ఊరికే ఇస్తారని గ్రూపులో పెట్టి చూడు.”

పెట్టింది. చర్చి గ్రూపులోంచి ఎవరో గుడి గ్రూపులోకి పంపారు. గుడి వాళ్ల నుంచి పక్క ఊరు నేపర్విల్‌లోని తెలుగువాళ్లకి పాకింది. మర్నాడు పొద్దున సుశీల ఫోన్ చేసి, “విమలా, వ్యాన్లు సరిపోవట్లేదే,” అంది.

మెథడిస్టు చర్చి బేస్‌మెంట్

శుక్రవారం సాయంత్రం వ్యాన్లు ఒక్కోటే వచ్చి ఆ చిన్న ఊరి చర్చి ముందు ఆగుతుంటే ఊళ్లోవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. అరవై మందికి పైగా దిగారు. వచ్చినవాళ్లు పడుకోవడానికి డేల్ వాళ్ల మెథడిస్టు చర్చి తన బేస్‌మెంట్ ఇచ్చింది. ఆ ఊరి ఆడవాళ్లు క్యాట్‌ఫిష్ వేయించి పెట్టారు. మనలో ఒకరు వెంటనే దాని మీద కారం చల్లి, నిమ్మకాయ పిండి, ఆ ఊరివాళ్లకే రుచి చూపించారు. వాళ్ల చర్చిలో విందంటే ఎవరి ప్లేటు వాళ్లు వడ్డించుకుని నెమ్మదిగా కూర్చుంటారు. మనవాళ్లు కొసరి కొసరి వడ్డిస్తుంటే, వద్దనడం ఎలాగో తెలియక వాళ్లు తింటూనే ఉన్నారు.

గుడి కమిటీ నుంచి వచ్చినవాళ్లకి పెద్ద రాజిరెడ్డి గారు, కరీంనగర్ మనిషి, సాఫ్ట్‌వేర్. ఆయన డేల్ భుజం మీద చెయ్యేసి ఇంగ్లీషులో ధైర్యం చెప్పి, నా వైపు తిరిగి, “అక్కా, ఏం ఫికర్ చేయకు. పుంటికూర పేరు చెప్తె మావోళ్లు చంద్రుని మీదికైనా వస్తరు,” అన్నారు.

“పుంటికూర కాదు, గోంగూర,” అన్నాను. నేను ఊరుకోవాల్సింది.

శనివారం

పొద్దున్నే డేల్ కోత మొదలుపెట్టి వరసగా పనలు పడేశాడు. మనవాళ్లు టార్పాలిన్లు పరిచారు. కుర్చీలు వేసుకున్నారు. ఫ్లాస్కుల్లోంచి టీ పోసుకున్నారు. తర్వాత, తరతరాలుగా మన ఇళ్లలో గోంగూర ముందు కూర్చుంటే ఏం చేస్తామో సరిగ్గా అదే మొదలుపెట్టారు. ఒక్కో ఆకూ పట్టుకోవడం, కాడ గిల్లడం, పుచ్చుందేమో వెనక్కి తిప్పి చూడటం, లేతదైతే ఒళ్లో వేసుకోవడం, ముదురుదైతే కాండానికే వదిలేయడం. మధ్యలో కబుర్లు. ఎవరి అబ్బాయికి గ్రీన్ కార్డ్ వచ్చింది, ఎవరి ఇంటి రేటు ఎంత పలికింది.

చాలాసేపటికి చూస్తే యంత్రం పక్కన శుభ్రమైన కాండాలు ఒక చంకలో పట్టేన్ని ఉన్నాయి. డేల్ ట్రాక్టరు ఆపి నా వంక చూశాడు. కీర్తన వాచీ వంక చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

“అమ్మా, ఇది ఏరడం కాదు! లేతా ముదురూ మొత్తం దూసి పారేయాలి! ఆకు ఒక్కటి మిగిలినా మిషన్ ఆగిపోద్ది!” అని ట్రాలీ ఎక్కి అరిచాను.

“కాడతో పాటు దూస్తే పచ్చడి పీచు రాదూ?” అంది ఒకావిడ, ఎంతో బాధగా.

అందరూ తలలూపారు, దూయడం మొదలుపెట్టారు, రెండో కాండానికే వేళ్లు మళ్లీ కాడలు గిల్లడం మొదలుపెట్టాయి. పైగా గోగు కాండానికి నూగు ముళ్లుంటాయి. నాలుగు దూసేసరికి అరచేతులు మండాయి. లేచి వెళ్లి ఫోటోలు దిగేవాళ్లు మొదలయ్యారు. నిజం చెప్తున్నా, ఆ నిమిషంలో నా మీద నాకే అసహ్యమేసింది. ఇంతమందిని ఇంత దూరం రప్పించి, ఆ పిల్లకి ఆశ పెట్టి, పిక్నిక్ చేయించానే అనిపించింది.

లిండా ఊళ్లోకి వెళ్లి పికప్ నిండా తోలు గ్లవ్స్ తెచ్చింది. ఊళ్లో ప్రతి గరాజ్‌లోనూ ఉండేవే. అప్పుడు రాజిరెడ్డి గారు గ్లవ్స్ తొడుక్కుని టార్పాలిన్ మధ్యలోకి వచ్చి నిలబడ్డారు.

“ఇనుండ్రి! ఇటు దిక్కు తెలంగాణ, అటు దిక్కు ఆంధ్ర. చెరి సగం చేను. ఏర్సుడు గీర్సుడు ఇంటికి పోయినంక. ఇప్పుడు దూసుడే! ఎవలు ముందుగాల అయిపోగొడ్తే వాళ్ల పేరే. మేం గెలిస్తె ఇయ్యాలంత మీ ఆంధ్రోళ్లు పుంటికూర అనాలె!”

 వెంటనే మా వైపు నుంచి సుశీల గొంతు లేచింది. “గోంగూర అనిపిస్తాం రండి మీ చేత!”

ఇక చూడాలి. కుర్చీలు మడిచి అవతల పారేశారు. టీ చల్లారిపోయింది. ఎడమ చేత్తో కొన పట్టుకుని, కుడి చేత్తో ఒక్క లాగు లాగితే ఆకంతా కుప్పగా పడుతోంది. ఒకరు పన అందిస్తే, ఇద్దరు దూస్తే, మరొకరు కట్ట కట్టి యంత్రం దగ్గరికి పరుగు. బ్యాంకులో మేనేజరైన ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి కట్టలు మోశాడు. ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్లలు కూడా ‘దూసుడే, దూసుడే’ అని అరుస్తున్నారు. ఊరి మెథడిస్టులు కాసేపు గట్టు మీద నిలబడి చూసి, ఏ పక్షంలో చేరాలో అడిగి మరీ దిగారు.

యంత్రం తిరుగుతోంది. ఈసారి మూలగలేదు. నేను అవతలి వైపుకి వెళ్లి నిలబడ్డాను. మొదటి నార బయటికి వచ్చింది. తెల్లటి మీగడ రంగు, నా ఎత్తుకి రెండింతల పొడుగు, ఒక్క ఆకు మరక లేదు. కీర్తన దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుంది.

“ఆంటీ, చూడు. క్లీన్. టోటల్లీ క్లీన్,” అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. డేల్ ఆ నార కొన పట్టుకుని గట్టిగా లాగాడు, ఇంకా గట్టిగా లాగాడు, తెగలేదు. వెళ్లి ట్రాక్టరెక్కాడు, కానీ ఈసారి వేగం పెంచాడు.

సూర్యుడు దిగేలోపు ఎకరం ఖాళీ అయింది. తెలంగాణ పక్షం ఒక్క పన తేడాతో గెలిచింది. మా వైపు పిల్లలు మధ్యలో చాక్లెట్ల కోసం ఆగకపోతే కథ వేరేగా ఉండేది. గుంటూరు జిల్లాలో పుట్టిన నేను భోజనాల దాకా పుంటికూర అని పిలిచాను. మిల్లు నుంచి వచ్చిన ఆవిడ నార పిడికిట్లో నలిపి, వాసన చూసి, వెలుతురుకి పెట్టి చూసింది. “ఇలాంటిది ఎంత ఉంటే అంతా మాకు కావాలి,” అని లారీకి ఎత్తించుకుంది. చేలో ఒక్కసారిగా ఈలలు.

డేల్ మాత్రం పొలం సంగతి ఎత్తలేదు. అందరికీ చేతులు కలిపి, నెమ్మదిగా ఇంటికి నడిచాడు. కీర్తన అడగబోతే లిండా కళ్లతోనే వారించింది.

మళ్లీ అరోరా: వేలం

తెలుగు చర్చికి అక్కడ సొంత భవనం లేదు. అమెరికన్ల చర్చి పొద్దుటి ఆరాధన అయ్యాక, సాయంత్రం అద్దెకి తీసుకుంటారు. ఆదివారం ఆ హాల్లోకి అడుగుపెడితే పచ్చి పుల్లటి వాసన కొట్టింది. బల్లల నిండా గోంగూర గుట్టలు. పాస్టర్ గారు ప్రార్థన మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నారు. రాజిరెడ్డి గారి బృందం చివరి వరసల్లో కూర్చుంది. ముందు వరసలో డేల్, లిండా. డేల్ మెడకి టై కట్టుకుని వచ్చాడు.

వేలం మొదలైంది. సుశీల మైకు పట్టుకుంటే హాలు దద్దరిల్లుతుంది. మొదటి గోంగూర కుప్పని నేను పాడితే రాజిరెడ్డి గారు పెంచారు, నేను పెంచితే ఇంకొకరు పెంచారు. పాడుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేశారు, మళ్లీ వేలం. ఏదీ తక్కువకి పోలేదు. డేల్ ఇదంతా రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఏం జరుగుతోందని అడిగితే, ఈ యేడు నేల ఇచ్చినదాన్ని దేవుడి ముందు పెడతామని పాస్టర్ గారు చెప్పారు.

డేల్ లేచి నిలబడ్డాడు. మైకు అడిగాడు.

“నేనేమీ తీసుకురాలేదు,” అన్నాడు. “పొద్దున ఆ వేట క్లబ్బు వాళ్లకి ఫోన్ చేసి, భూమి అమ్మడం లేదని చెప్పాను. వచ్చే జూన్‌లో నలభై ఎకరాలూ మీ ఆకే. మీ పద్ధతి నాకు సరిగ్గా తెలియదు. దాన్ని కూడా ఆ బల్ల మీద పెట్టొచ్చా?”

వెనక వరసల్లోని పెద్దవాళ్ల కోసం తెలుగులో చెప్పమని పాస్టర్ గారు కీర్తనని పిలిచారు. ఆ పిల్ల మైకు ముందుకొచ్చి, “డేల్ అంకుల్ మొత్తం... మొత్తం ఫార్టీ ఎకర్స్...” అని అక్కడే ఆగిపోయింది. చెప్పక్కర్లేదు, అందరికీ అర్థమైంది.

సుశీల కూతురి చేతిలోంచి మైకు తీసుకుంది. గొంతు సవరించుకుంది.

“నలభై ఎకరాల గోగు చేను! ఎవరు పాడతారు?”

లిండా కంగారుగా డేల్ వంక చూసి, చెయ్యెత్తింది. “ఒక్క డాలరు,” అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. ములక్కాడల కోసం పంతాలు పోయే జనం, పక్కవాడు పాడితే ఊరుకోలేని జనం, ఒక్కరూ పెదవి కదపలేదు. రాజిరెడ్డి గారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను నోరు గట్టిగా బిగించుకున్నాను.

“ఒకటోసారి,” అంది సుశీల.

“రెండోసారి.”



“మూడోసారి! లిండా గారికి!”

చప్పట్లకి కిటికీలు అదిరాయి. లిండా పర్సు తెరిచి, ఒక డాలరు నోటు తీసి, వెళ్లి కానుకల పళ్లెంలో వేసింది.